తువ్వాలు కింద పదిహేను

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. మా బళ్లో ఒక పాప సరైన జవాబు చెబితే, తప్పని తల అడ్డంగా ఊపాను. ఒకసారి కాదు, రెండుసార్లు. పొరపాటు నాదేనని ఆ సాయంత్రమే తెలిసింది. డైరీలో రాసుకుని మూసేశాను. ఆ పాపకు చెప్పలేదు, హెడ్మాస్టరుకు చెప్పలేదు, మా అమ్మకు కూడా చెప్పలేదు.

మాది మదనపల్లె. బడి పుంగనూరు దాటాక, సదుం పోయే దారిలో ఒక పల్లెలో. రెండు గదులు, ఒక వరండా, ముప్పై మంది పిల్లలు, హెడ్మాస్టరు, నేను. ఉద్యోగంలో చేరేనాటికి నా భయమల్లా ఒకటే, మాట్లాడటం. ఇంటికి చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని మిద్దె మీదికి పోయే రకాన్ని. కాలేజీలో హాజరు పలకడానికి కూడా గొంతు పెగిలేది కాదు. పక్కనున్న అమ్మాయి నా బదులు పలికేది. పిల్లల ముందు మాత్రం ఎలాగో మాట వచ్చేది, అదీ రెండో వరుస దాకా.

అందుకే బోర్డు మీద రాయడమంటే నాకిష్టం. చేరిన రెండో నెలలో వరండా గోడకున్న పాత నల్లబల్లను కడిగి, ఒక సోమవారం పొద్దున దాని మీద లెక్క రాశాను. పాఠ్యపుస్తకంలో లేని లెక్క. కోళ్లూ మేకలూ కలిసి పన్నెండు తలలు, ముప్పై నాలుగు కాళ్లు. మేకలెన్ని? శనివారం దాకా గడువు. ఇంట్లో అడగవచ్చు, బొమ్మలు గీసుకోవచ్చు, రాళ్లు పేర్చుకోవచ్చు. జవాబు మాత్రం శనివారం మధ్యాహ్నం అన్నాలయ్యాకే. పిల్లలు దానికి 'శనివారం లెక్క' అని పేరు పెట్టేశారు.

లెక్క బాగానే ఉంది. చిక్కంతా జవాబు దగ్గర వచ్చింది. ఎవరు ముందు అరిస్తే అదే అందరి జవాబు అయిపోయేది. తప్పు చెప్పినవాళ్లను చూసి మిగతావాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వుకు భయపడి, తెలిసినవాళ్లు కూడా నోరు మెదిపేవాళ్లు కాదు. అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఐదో తరగతి పాప ఒకామె. ఆ పాపకు నత్తి. లేచి నిలబడి "ప… ప…" అంటుండగానే పది అని ఒకరు, పన్నెండు అని ఒకరు, పదిహేడు అని ఇంకొకరు అందించేవాళ్లు. పాప ఏదో ఒకదానికి తల ఊపేది. ఊపితే త్వరగా కూర్చోవచ్చు కదా. అలా ఎవరిదో తప్పు జవాబు ప్రతిసారీ ఆమె పేరు మీద పడేది. ఆ పాపకు లెక్కలు రావని బడంతా నమ్మింది. మొదటి నెల నేనూ నమ్మాను.

ఒకరోజు ఇంటికి పోయే బస్సులో మా తాత గుర్తొచ్చాడు. తాత పశువుల సంతలో బేరాలు కుదిర్చే మనిషి. అక్కడ అమ్మేవాడూ కొనేవాడూ ధర నోటితో చెప్పరు. తాత భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పేవాడు. ఆ గుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, చెయ్యంతా పడితే ఐదు. ఐదు పట్టి వదిలి మళ్లీ ఒకటి పడితే ఆరు. చుట్టూ ఎంతమంది నిలబడినా, ఎవరు ఎంత అడిగారో ఎవరికీ తెలియదు. బేరం తెగకపోయినా పరువు పోదు. మాటలు రాని మనవరాలికి తాత ఆ విద్య నేర్పాడు. నాకు ఎన్ని దోసెలు కావాలో మా అవ్వకు నోటితో చెప్పింది తక్కువ, తాత చేతిలో చెప్పింది ఎక్కువ.

ఆ శనివారం నేనొక తువ్వాలు తీసుకుపోయాను. వరండాలో కుర్చీ వేసుకుని, ముంజేతి మీద కప్పుకుని కూర్చున్నాను. జవాబు తెలిసినవాళ్లు వరుసలో రావాలి, గుడ్డ కింద చెయ్యి పెట్టి నా వేళ్లు పట్టుకుని చెప్పాలి. సరైతే తల నిలువుగా ఊపుతాను, తప్పయితే అడ్డంగా. తప్పయినవాళ్లు ఆలోచించుకుని మళ్లీ రావచ్చు.

"మేడం, మరి ఎద్దు యాడుండాది?" అన్నాడు నాలుగో తరగతి పిల్లవాడు.

"వరసలో నిలబడి మాట్లాడతా ఉండాది సూడు" అంది వాడి వెనకనున్న అమ్మాయి.

ప్రహరీ గోడ అవతల సైకిలాపి చూస్తున్న పెద్దమనిషి ఒకాయన "ఏం మేడం, బేరం తెగిందా?" అని కేక వేశాడు. నాకు చెవులు వేడెక్కాయి. అయినా చెయ్యి తియ్యలేదు.

నత్తి ఉన్న పాప అందరికంటే చివర వచ్చింది. చల్లటి చెయ్యి. నా ఐదు వేళ్లూ ఒక్కసారి గట్టిగా పట్టి వదిలింది. ఐదు మేకలు. సరైన జవాబు. నేను తల ఊపితే ఆ పాప నా ముఖంలోకి కాసేపు అలాగే చూసింది, వేరెవరికో ఊపానేమో అన్నట్టు.

తర్వాత వారం కూడా ఆమెది సరే. ఆ తర్వాత వారమూ సరే. నాలుగో వారానికి వరుసలో చివరినుంచి మొదటికి వచ్చేసింది.

ఆ ఊపులో నేను కొంచెం పెద్ద లెక్క రాశాను. ఆరుగురు పిల్లలున్నారు. ప్రతి ఒక్కరూ మిగతా ప్రతి ఒక్కరితో ఒక్కసారే చెయ్యి కలపాలి. మొత్తం ఎన్నిసార్లు చేతులు కలుస్తాయి? అప్పటిదాకా జవాబులన్నీ పది లోపలే ఉండేవి. ఇది దాటుతుందని తెలిసీ, దాటితే వేళ్లతో ఎలా చెబుతారో నేను ఆలోచించలేదు.

శనివారం ఆ పాప మొదటగా వచ్చింది. నా చూపుడువేలు పట్టింది. వదిలింది. తర్వాత ఐదు వేళ్లూ పట్టింది. ఒకటీ ఐదూ ఆరు, అనుకున్నాను. ఆరుగురు పిల్లలు కాబట్టి ఆరు అని తొందరపడి చెప్పిందనుకుని తల అడ్డంగా ఊపాను. పాప నుదురు ముడిచింది. మళ్లీ అదే చెప్పింది, ఇంకొంచెం మెల్లగా. నేను మళ్లీ అడ్డంగానే ఊపాను. చెయ్యి వెనక్కి తీసుకుని పోయి కూర్చుంది. ఆ రోజు ఎవరికీ రాలేదని ప్రకటించి, తువ్వాలు మడిచేశాను.

బస్సు పుంగనూరు దాటి మదనపల్లె వైపు తిరిగాక డైరీ తీశాను. ఆ రోజు ఎవరెవరు ఏం చెప్పారో రాస్తుంటే కలం ఆగిపోయింది. ఆరు చెప్పాలంటే ముందు ఐదు పట్టాలి, తర్వాత ఒకటి. అలాగే నేర్పాను. మరి ఈ పాప ముందు ఒకటి పట్టిందేం? రెండుసార్లూ ముందు ఒకటే పట్టిందేం? ఒకటి, పక్కన ఐదు. పదిహేను. ఆరుగురికీ సరిగ్గా పదిహేను.

సంతలో ఎద్దు కళ్లెదుట ఉంటుంది. దాన్ని చూసినవాడికి నాలుగు వేళ్లంటే నాలుగు వందలా, నలభై వేలా అని వేరే చెప్పక్కర్లేదు. అందుకే మా తాత వేళ్లలో పదులకు గుర్తు లేదు. నేను లెక్కల టీచర్ని అయ్యుండి, పదుల స్థానం పిల్లలకు బోర్డు మీద నేర్పుతూ, గుడ్డ కింద సంత బేరం చేశాను. పాప మాత్రం బోర్డు మీద నేర్చుకున్నదే చెప్పింది.

మంగళవారం ఆరుగురు పిల్లల్ని నిలబెట్టి చేతులు కలిపించాను. మొదటివాడు ఐదుగురితో, తర్వాతివాడు నలుగురితో, ఆపైన ముగ్గురు, ఇద్దరు, ఒకరు. "పదైదు!" అని అందరూ అరిచారు. ఆ పాప నా వైపు చూసింది. నేను చేతిలోని సుద్దముక్క వైపు చూశాను. ఒక్క మాట అనుంటే సరిపోయేది. నోరు రాలేదు.

ఆ శనివారం పాప వరుసలోకి రాలేదు. "యాల రాలేదు?" అని పక్కపిల్ల అడిగితే భుజాలు ఎగరేసింది. మునుపటిలాగే, ఎవరేమన్నా తల ఊపే పిల్ల అయిపోయింది. నేను తెరిచిన తలుపు నేనే మూశాను.

ఆదివారమంతా ఆలోచించాను. క్షమించమని చెప్పే ధైర్యం నాకు లేదు. లెక్క రాసే ధైర్యం ఉంది. సోమవారం బోర్డు మీద ఇలా రాశాను. తువ్వాలు కింద ఆరు చెప్పాలి. పదిహేను చెప్పాలి. యాభై ఒకటి కూడా చెప్పాలి. మేడం పొరపడకూడదు. ఎలా చెబుతారు?

వారమంతా బళ్లో ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఒకటే బేరాలు. హెడ్మాస్టరు గదిలోంచి తొంగిచూసి "ఈ పిలకాయలు బడికొస్తాండారా, సంతకొస్తాండారా?" అన్నారు. శనివారం ఒకడు మోచేతిని గిల్లాడు, అది పదులంట. ఇంకొకామె ఎడమ చెయ్యి తెచ్చి పెట్టింది. ఏదీ బాగా కుదరలేదు. చివర, అందరూ అయిపోయాక, ఆ పాప లేచి వచ్చింది.

నా చూపుడువేలు పట్టింది. తర్వాత మణికట్టు మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. తర్వాత ఐదు వేళ్లూ పట్టింది. "పదిహేను" అన్నాను పైకే. ఐదు, మణికట్టు, ఒకటి. "యాభై ఒకటి." అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. మూడు వేళ్లు పట్టి, మణికట్టు నొక్కి, నా వేళ్లన్నీ తానే లోపలికి ముడిచి పిడికిలి చేసి, దాన్ని తన రెండు చేతులతో మూసింది. ఒక క్షణం అర్థం కాలేదు. పట్టుకోవడానికి వేళ్లేమీ లేవు. అంటే సున్న. ముప్పై.

నేను అడగని సున్న అది. మా తాత సంతలో ఏళ్ల తరబడి ఎవరికీ అక్కర్లేని సున్నను ఐదో తరగతి పాప చేసి ఇచ్చింది. ఆ రోజు నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. పిల్లలకు ఆశ్చర్యం, మేడం ఇంత చప్పుడు చెయ్యడం వాళ్లెప్పుడూ చూడలేదు.

తర్వాత నెలలో కుప్పం నుంచి కబురొచ్చింది. చుట్టుపక్కల ప్రాథమిక బడుల పిల్లలకు ఒక సంఘం వాళ్లు లెక్కల పొడుపుల పోటీ పెడుతున్నారు. బడికి ముగ్గురు. ప్రశ్నకు ఒక్క నిమిషం. జవాబు నోటితో చెప్పాలి. హెడ్మాస్టరు ముగ్గురి పేర్లు రాశారు. ఆ పాప పేరు లేదు. ఆమె పేపరు మీద వంగి ముగ్గురి పేర్లూ చదివి, తన చోటుకు పోయింది. ఐదో తరగతి, మరుసటి ఏడాది పుంగనూరు హైస్కూలుకు పోతుంది. అక్కడ తువ్వాలు ఉండదు. లెక్కలు రాని పిల్లగా పోతుందా, వచ్చిన పిల్లగా పోతుందా అన్నది ఇక్కడే తేలాలి.

నేను అర పేజీ రాసి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పూర్తిగా చదివారు. మంచి మనిషి, కోపం లేదు.

"చక్కగా రాసినావమ్మా. ఇదే నోటితో చెప్పు."

"అందులో అంతా ఉంది సార్."

"కాయితం కుప్పానికి పోయి మాట్లాడదు కదమ్మా. ఆ పాపకు నోరు తిరగదంటివి, సరే. నీకేమొచ్చింది?"

నేను బల్ల మీది కాయితాన్ని ఆయన వైపు ఇంకొంచెం జరిపాను.

"వేళ్లతో చెప్పనిమ్మని ఆడ పెద్దోళ్లను అడగాల్సింది నువ్వు. నేను రాను. అడుగుతానంటే పాప పేరు రాస్తా. అడగలేనంటే ఇప్పుడే చెప్పు. నిలబెట్టి నవ్వులపాలు చేసేది నాకిష్టం లేదు."

"అడుగుతాను సార్."

"వినపడల్యా."

"అడుగుతాను సార్!"

పక్కగదిలో ఎక్కాలు చదువుతున్న పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. ఆయన పెన్ను తీసి ఒక పేరు కొట్టేసి, ఇంకో పేరు రాశారు.

పాప వాళ్లమ్మ మదనపల్లె టమోటా యార్డులో కాయలు ఏరే పనికి పోతుంది. తెల్లారకముందే బయల్దేరుతుంది కాబట్టి ఫోను చేశాను. వెనక వేలంపాట కేకలు వినిపిస్తున్నాయి.

"యాల మేడం? నలుగుర్లో నిలబెట్టి నవ్విచ్చేకా?" అంది. "ఇంట్లోనే అది సెప్పేలోపల మేమే సెప్పేస్తాము. ఆడ దానికోసం ఎవురాగుతారు?"

"ఆగేలా నేను చూస్తానమ్మా."

"సరే మేడం. మీ మీద ఇడుస్తాండా" అంది.

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి హాలు నిండిపోయింది. తెలుగుతో పాటు అరవం, కన్నడం కలగలిసి గోలగా ఉంది. వేదిక మీద ఇద్దరు న్యాయనిర్ణేతలు. పెద్దాయన రిటైరైన లెక్కల మాస్టరు, రెండో ఆయన చేతిలో గంట. నేను ముగ్గురు పిల్లల్నీ కూర్చోబెట్టి, వేదిక దగ్గరికి పోయాను.

"సార్, మా పాప జవాబు వేళ్లతో చెబుతుంది."

"ఏందమ్మా? గట్టిగా చెప్పు" అంటూ పెద్దాయన మైకు నా చేతికిచ్చేశారు.

నా గొంతు నాలుగు స్పీకర్లలోంచి వచ్చేసరికి నేనే ఉలిక్కిపడ్డాను. హాలంతా ఇటు తిరిగింది. ఇక దాక్కోవడానికి మిద్దె లేదు. చెప్పడం మొదలుపెట్టాను. పాపకు నత్తి అని, లెక్క బాగా వచ్చని, తువ్వాలు కింద జవాబు చెబుతుందని, పదులకు మణికట్టు నొక్కుతుందని, సున్నకు పిడికిలి అని.

ఇంకో బడి నుంచి వచ్చిన మాస్టరు లేచాడు. "అట్లయితే టైం ఎక్కువ పడతాది కదా? మా పిలకాయలకు అన్యాయం కదా మేడం?"

"అదే నిమిషం సార్. ఎక్కువ వద్దు."

"మీరే చెయ్యి పెట్టి మీరే జవాబు చెప్పుకుంటే ఎవురికి తెలస్తాది?"

"నా చెయ్యి కాదు సార్. న్యాయనిర్ణేత గారి చెయ్యి."

హాల్లో నవ్వులు లేచాయి, కానీ చెడ్డ నవ్వులు కావు. పెద్దాయన తన భుజం మీది తువ్వాలు తీసి దులిపారు. "సంతలో సూసింది ఉండాదిగానీ, చేసింది లేదప్పా. ఈ పొద్దు నన్ను దళారిని చేస్తాండారు. రానీండి" అన్నారు.

మా మిగతా ఇద్దరూ నోటితో చెప్పారు. పాప తన వంతులో ఏడు అని వేళ్లతో చెప్పింది, పెద్దాయన మైకులో చదివారు, సరైంది. మధ్యాహ్నానికి రెండు బడులు సమానంగా నిలిచాయి. మాదీ, కుప్పం పక్క పల్లెదీ. చివరి ప్రశ్న ఒకటే, రెండు జట్లలోనూ మూడో పిల్లలు చెప్పాలి. మాకు మూడో పిల్ల ఆ పాపే.

"వంద పేజీల నోటుబుక్కు ఉండాది. ఒకటి నుంచి వంద దాకా పేజీల నంబర్లు రాయాల. తొమ్మిది అనే అంకెను ఎన్నిసార్లు రాస్తారు?"

అవతలి జట్టు పాప చురుకైనది. అర నిమిషంలో "పంతొమ్మిది!" అంది. పెద్దాయన ఏమీ అనకుండా ఇటు తిరిగారు. మా పాప కళ్లు మూసుకుంది. ఎడమ అరచేతిలో కుడి వేలితో ఏదో రాసుకుంటోంది. నేను హాలు గడియారంలో ముల్లునే చూస్తున్నాను. చాలాసేపయ్యాక చెయ్యి తువ్వాలు కిందికి పోయింది.

పెద్దాయన మైకులో "రెండు" అన్నారు.

హాలు గొల్లుమంది. ఆయన నాలాగే చేశారు. వేళ్లు లెక్కపెట్టి, పిడికిలిని వదిలేశారు. పాప తల అడ్డంగా ఊపింది. రెండో ఆయన గంట పైకెత్తాడు. ఇక ఈ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని పోయి కూర్చుంటుంది, ఆ రోజు నా దగ్గరినుంచి పోయినట్టు, అనుకున్నాను.

"ఇంకా టైముంది సార్!" అని ఎవరో గట్టిగా అన్నారు. అది నేనే. మైకు లేకుండా, వెనక గోడ దాకా.

పాప కూర్చోలేదు. బయటికి తీసిన పెద్దాయన చేతిని పట్టుకుని మళ్లీ గుడ్డ కిందికి లాగింది. రెండు వేళ్లు. మణికట్టు. తర్వాత ఆయన వేళ్లను ముడిచిన తీరు తువ్వాలు పైనుంచి కూడా కనిపించింది. అంత గట్టిగా మూసింది. ఆయన ముఖం మారింది.

"ఆగండాగండి… రెండు, దాని పక్కన సున్న. ఇరవై! తొంభై తొమ్మిదిలో తొమ్మిదులు రెండు గదా! సరైన జవాబు ఇరవై!"

గంట ఆ తర్వాత మోగింది. మా మిగతా ఇద్దరూ బెంచీ ఎక్కేశారు. అవతలి బడి మాస్టరే, అన్యాయమన్న ఆయనే, అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. పాప మాత్రం పెద్దాయన చెయ్యి ఇంకా వదల్లేదు. "తెలిసిందమ్మా, తెలిసింది, ఇంక ఇడువు" అని ఆయన నవ్వుతూనే ఉన్నారు.

తిరుగు బస్సులో గెలుచుకున్న కప్పు ముగ్గురి ఒళ్లోనూ మారుతూ వచ్చింది. కుప్పం దాటాక పాప వాళ్లమ్మకు ఫోను చేశాను. "అమ్మా, మీ పాప…" అంటుండగానే పాప నా చేతిలోంచి ఫోను తీసుకుంది. మిగతా ఇద్దరూ గెలిచామని అరవబోతే నోటి మీద వేలు పెట్టి ఆపాను.

"అ… అ… అమ్మా" అని మొదలుపెట్టింది. తొమ్మిదుల సంగతి, పంతొమ్మిది సంగతి, సారు రెండు అన్నది, తను చెయ్యి లాగింది, అన్నీ చెప్పింది. ఒక్కో మాట దగ్గర ఆగింది, వెనక్కి పోయింది, మళ్లీ పట్టుకుంది. టికెట్లు కొట్టడం కూడా అయిపోయింది. కండక్టరు వచ్చి నిలబడి, విని, ఏమీ అడక్కుండా ముందుకు పోయాడు. చాలాసేపటికి పాప ఫోను నాకిచ్చి కిటికీ వైపు తిరిగింది. నేను చెవి దగ్గర పెట్టుకుని, జరిగిందంతా మొదటినుంచీ వివరంగా చెప్పాలని నోరు తెరిచాను.

"మీరింకేం సెప్పొద్దు మేడం" అంది వాళ్లమ్మ. "నా బిడ్డ అంతా సెప్పింది. నడమ నేను ఒక్క మాటా అందుకోల్యా."